కిడ్నీ ధమనికి స్టెంట్ వేసి అయిదేళ్లు: క్రియాటినిన్ తగ్గలేదంటే వైద్యం విఫలమైనట్టేనా?

పెద్దబ్బాయి
మార్చి 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

విషయం మా నాన్నగారిది. ఆయనకు ఇప్పుడు 71 ఏళ్లు. 66వ ఏట ఎడమ కిడ్నీకి రక్తం తీసుకువెళ్లే ధమని మొదట్లోనే దాదాపు 85 శాతం పూడిపోయిందని స్టెంట్ (ధమనిని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) వేశారు. కుడి కిడ్నీ అప్పటికే కుంచించుకుపోయి 7.4 సెంటీమీటర్లకు చేరింది. దాని జోలికి వెళ్లి ప్రయోజనం లేదన్నారు. స్టెంట్‌కు ముందు ఎనిమిది నెలల్లో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే వ్యర్థం) 1.4 నుంచి 2.1కి పెరిగింది. నాలుగు రకాల మాత్రలు వాడుతున్నా బీపీ 190/100 ఉండేది.

స్టెంట్ వేసిన ఆరు నెలలకు క్రియాటినిన్ 1.9. ఇప్పుడు 2.2. బీపీ మూడు మాత్రలతో 136/78.

మొన్న రిపోర్టు చూసి నాన్న, "ఇంత చేయించుకుని మళ్లీ మొదటికే వచ్చాం కదా" అన్నారు. అప్పుడు స్టెంట్‌కు ఒప్పించింది నేనే. ఆ మాట అప్పటినుంచి నన్ను వదలడం లేదు. అయిదేళ్లు, పదేళ్లు దాటినవారు ఎవరైనా ఉన్నారా? అసలు ఈ వైద్యం తర్వాత కిడ్నీలు ఎలా ఉంటాయని ఆశించాలి?

ముత్యాలదండ
మార్చి 3, రాత్రి 10:25

నాకు 34వ ఏట కుడివైపు ధమనిని బెలూన్‌తో వెడల్పు చేశారు, 11 ఏళ్లు అయింది. క్రియాటినిన్ అప్పుడూ 0.8, ఇప్పుడూ 0.8. అయితే నా అనుభవం మీ నాన్నగారికి వర్తించదని ముందే చెబుతున్నాను, ఎందుకంటే నాది కొవ్వు పూడిక కాదు. ధమని గోడలోని కండర, పీచు పొరలే తేడాగా పెరిగే జబ్బు, ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా. యాంజియోగ్రామ్‌లో నా ధమని ముత్యాలదండలా కనిపించింది. ఇక్కడి నా పేరు అందులోంచి వచ్చిందే.

ఈ రెండు జబ్బులనూ ఒకే గాటన కట్టడం వల్ల ఎంతో గందరగోళం పుడుతోంది. నాలాంటివారికి కిడ్నీ చెడిపోవడం అరుదు, బాధంతా బీపీతోనే. మిగతా వివరం రేపు రాస్తాను.

వడపోత
మార్చి 4, ఉదయం 6:15

నేను నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ వైద్యుణ్ణి, ఈ పనిలో 20 ఏళ్లకు పైగా ఉన్నాను. పెద్దబ్బాయి గారూ, మీ నాన్నగారిని చూడకుండా ఆయన వైద్యం మీద తీర్పు చెప్పలేను. కానీ మీరిచ్చిన అంకెలను ఎలా చదవాలో చెప్పగలను.

క్రియాటినిన్ అంకెను నేరుగా పోల్చకండి. దాన్నీ వయసునూ కలిపి వడపోత వేగం, అంటే ఈజీఎఫ్ఆర్ లెక్కగట్టండి. 2021 నాటి సూత్రంతో నేను కట్టి చూశాను. స్టెంట్‌కు ఎనిమిది నెలల ముందు సుమారు 56. స్టెంట్ నాటికి 34. ఆరు నెలల తర్వాత 38. ఇవాళ 31.

ఇప్పుడు ఈ నాలుగు చుక్కలనూ ఒక కాగితం మీద పెట్టి గీత గీయండి. ఎనిమిది నెలల్లో 22 పడిపోయింది. ఆ తర్వాత నాలుగున్నరేళ్లలో 7 మాత్రమే తగ్గింది, అంటే ఏడాదికి ఒకటిన్నర. నలభై దాటిన మనిషికి ఏ జబ్బూ లేకపోయినా ఏడాదికి ఇంచుమించు ఒకటి తగ్గుతుంది. మొదటి ఎనిమిది నెలల వాలు అలాగే సాగి ఉంటే రెండేళ్లు తిరగకుండానే డయాలసిస్ మాట వచ్చేది. "మొదటికే వచ్చాం" అని నాన్నగారు అంటున్నది స్టెంట్ వేసిన రోజుతో పోల్చి. ఆ రోజు కిడ్నీ నిలకడగా లేదు, జారిపోతూ ఉంది.

ధమని తెరిచాక కిడ్నీ ఎందుకు పూర్తిగా కోలుకోదన్నది మరో ప్రశ్న. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే వెళుతుంది. అది వాటి బతుకుతెరువుకు కాదు, వడపోతకు. కణాలకు కావలసిన ప్రాణవాయువుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రక్తం అందుతుంది కాబట్టి ధమని సగం మూసుకుపోయినా కిడ్నీ ఓర్చుకుంటుంది. పూడిక 70, 80 శాతం దాటితే ఓర్పు నశిస్తుంది. లోపల వాపు మొదలవుతుంది, సన్నని కేశనాళికలు మాయమవుతాయి, వాటి చోట మచ్చకణజాలం పేరుకుంటుంది. వాడిన పైరుకు నీరు పెడితే తలెత్తుతుంది. ఎండి గడ్డిగా మారాక కాలువ ఎంత బాగుచేసినా లేవదు. మీ నాన్నగారి కుడి కిడ్నీ రెండో దశకు చేరిపోయింది. ఎడమది మొదటి దశలో ఉండగా నీరందింది. స్టెంట్ తెరిచేది గొట్టాన్ని మాత్రమే, అప్పటికే పోయిన వడపోత గుత్తులను తిరిగి పుట్టించలేదు.

లెక్కలమాస్టారు
మార్చి 4, ఉదయం 8:50

వడపోత గారి మీద గౌరవంతోనే అభ్యంతరం చెబుతున్నాను. నేను వైద్యుణ్ణి కాను, గణాంకశాస్త్రం బోధిస్తాను. మా ఇంట్లోనూ ఈ జబ్బు ఉంది కాబట్టి ఈ పరిశోధనలన్నీ కూర్చుని చదివాను.

వాలు మారింది నిజమే. కానీ స్టెంట్ వల్లే మారిందని ఒక్క మనిషి గీతను చూసి చెప్పలేం. ఆ సమయంలోనే మాత్రలు మార్చి ఉంటారు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మొదలుపెట్టి ఉంటారు, ఉప్పు తగ్గించి ఉంటారు. పైగా ఏ కొలతైనా బాగా చెడ్డగా ఉన్నప్పుడే మనం డాక్టరు దగ్గరికి పరుగెడతాం. ఆ తర్వాత దానంతట అదే కొంత సర్దుకోవడం మామూలు.

ఈ అనుమానం తీరాలంటే లాటరీ వేసినట్టు రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మందులతో పాటు స్టెంట్, రెండో జట్టుకు మందులు మాత్రమే ఇచ్చి చూడాలి. ఆ పని చేశారు కూడా. 2009లో వెలువడిన ఆస్ట్రల్ పరిశోధనలో 806 మంది పాల్గొన్నారు. స్టెంట్ జట్టులో కిడ్నీ పనితీరు కాస్త నెమ్మదిగా తగ్గినట్టు కనిపించింది, కానీ కాకతాళీయం కాదని చెప్పడానికి ఆ తేడా చాలలేదు. తీవ్రమైన చిక్కులు మాత్రం 23 మందికి వచ్చాయి. వారిలో ఇద్దరు మరణించారు, ముగ్గురికి వేళ్లో కాలో తీసేయవలసి వచ్చింది. అదే ఏడాది వచ్చిన స్టార్ పరిశోధన చిన్నది, 140 మంది. అందులోనూ స్పష్టమైన మేలు తేలలేదు.

2014 నాటి కోరల్ అన్నిటికన్నా పెద్దది. 947 మందిని చేర్చుకుని, సగటున మూడున్నరేళ్లకు పైగా గమనించారు. గుండె, కిడ్నీ సమస్యలన్నీ కలిపి చూస్తే స్టెంట్ జట్టులో 35.1 శాతం మందికి, మందుల జట్టులో 35.8 శాతం మందికి ఏదో ఒకటి ఎదురైంది. కిడ్నీ పనితీరు క్రమంగా దిగజారినవారు 16.8 శాతం, 18.9 శాతం. పై బీపీలో తేడా 2.3 పాయింట్లు. ఇంత పెద్ద లెక్క ముందు పెట్టుకుని స్టెంట్ కిడ్నీని కాపాడిందని ఒక కుటుంబానికి భరోసా ఇవ్వడం నాకు సబబుగా తోచదు. ఆ భరోసాతోనే రేపు ఇంకొకరు అవసరం లేని స్టెంట్ వేయించుకుంటారు.

నిలకడ
మార్చి 4, ఉదయం 11:05

ఆ ఇంకొకరిని నేనే.

62వ ఏట గుండెకు యాంజియోగ్రామ్ చేస్తూ కిడ్నీ ధమనులు కూడా చూశారు. ఎడమవైపు 65 శాతం ఉందన్నారు. అప్పటికి నా బీపీ రెండు మాత్రలతో 130 దగ్గర ఉండేది. క్రియాటినిన్ మూడేళ్లుగా 1.5 వద్ద కదలకుండా ఉంది. "ఎలాగూ తీగ లోపలే ఉంది, ఇది కూడా సరిచేద్దాం" అన్నారు. సరేనన్నాను. ఎందుకని అడగాలని కూడా నాకు తెలియదు.

రెండు వారాలకు కాలి వేళ్లు నీలంగా మారాయి. పాదాల మీద వలలాంటి మచ్చలు వచ్చాయి. క్రియాటినిన్ మెట్టుమెట్టుగా ఎక్కుతూ ఆరు వారాల్లో 3.4కి చేరింది. మహాధమని గోడకు అంటుకున్న కొవ్వు పెచ్చులు తీగ తగిలి ఊడి, చిన్న చిన్న కొలెస్ట్రాల్ పలుకులుగా కిడ్నీలోకీ కాళ్లలోకీ కొట్టుకుపోయాయట. ఒక వేలు తీసేశారు. రెండేళ్ల తర్వాత డయాలసిస్ మొదలైంది. ఇప్పుడు నాలుగో ఏడు.

ఎవరినీ నిందించడానికి రాయడం లేదు. నా ధమని ఇప్పటికీ తెరుచుకునే ఉంది. ఫిల్ము మీద చూస్తే ఆ చికిత్స సఫలమే.

పెద్దబ్బాయి
మార్చి 4, మధ్యాహ్నం 1:30

నిలకడ గారూ, చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు ఇది ఇక్కడ పెట్టినందుకు కృతజ్ఞతలు. మా నాన్నకు చేసేటప్పుడు ఈ ప్రమాదం గురించి ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. అందులో ఏముందో నేను చదవలేదు.

వడపోత
మార్చి 4, రాత్రి 10:40

నిలకడ గారి మాట ఈ చర్చకు మూలస్తంభం. ఎందుకు తెరుస్తున్నామన్న ప్రశ్నకు జవాబు లేకుండా తెరిచిన ధమని అది. వేరే పని మీద వెళ్లినప్పుడు కంటపడిన పూడిక, అదుపులో ఉన్న బీపీ, కదలని క్రియాటినిన్: ఈ మూడూ కలిసినచోట స్టెంట్ వల్ల కలిగే మేలు దాదాపు సున్నా, ప్రమాదం మాత్రం పూర్తిగా ఉంటుంది. ఆస్ట్రల్, కోరల్ మనకు నేర్పింది ఇదే. లెక్కలమాస్టారు గారు చెప్పిన అంకెలన్నీ సరైనవి. వాటిని తోసిపుచ్చను.

కానీ ఆ పరిశోధనల్లో చేరింది ఎవరు? ఆస్ట్రల్‌లో చేర్చడానికి షరతు ఏమిటంటే, ఈ రోగికి స్టెంట్ మేలు చేస్తుందో లేదో డాక్టరుకే సందేహంగా ఉండాలి. మేలు ఖాయమనుకున్నవారిని బయటే ఉంచి నేరుగా స్టెంట్ వేశారు. చేరినవారిలో దాదాపు 40 శాతం మందికి పూడిక 70 శాతం కంటే తక్కువ. కోరల్‌లో సగటు పూడిక 67 శాతం, మొదట్లో వాడుతున్న బీపీ మందులు సగటున రెండు. ఎనిమిది నెలల్లో 22 పాయింట్లు కోల్పోయి, నాలుగు మాత్రలకూ లొంగని బీపీతో, పనిచేసే ఒకే ఒక్క కిడ్నీకి 85 శాతం పూడిక ఉన్న మనిషి ఆ జట్లలో ఎందరు ఉంటారు?

అటువంటివారి గురించి 2014లోనే ఇంగ్లండ్ నుంచి ఒక పరిశీలన వచ్చింది, 467 మంది రోగులతో. ఊపిరితిత్తుల్లోకి హఠాత్తుగా నీరు చేరినవారిలో స్టెంట్ వేయించుకున్నవారికి మరణాలు తక్కువ. కిడ్నీ వేగంగా దెబ్బతినడం, బీపీ లొంగకపోవడం రెండూ కలిసి ఉన్నవారిలోనూ అంతే. ఇది లాటరీ వేసి చేసిన పరిశోధన కాదు, మాస్టారు ఆ మాట అంటారని తెలుసు. బలహీనమైన ఆధారమే. అయినా మంచం పక్కన నిలబడి నేను చూసింది దానికే దగ్గరగా ఉంది.

ఇంకొక మాట. శస్త్రచికిత్సతో ధమనిని సరిచేసే పాత రోజుల నుంచీ వస్తున్న ఒక లెక్క ఉంది. కిడ్నీ పనితీరు అప్పటికే తగ్గినవారిలో సుమారు నాలుగో వంతు మందికి మెరుగవుతుంది, సగం మందికి ఉన్నచోటే నిలుస్తుంది, మిగిలిన నాలుగో వంతుకు కాస్త తక్కువ మందికి ఇంకా దిగజారుతుంది. సగటు తీస్తే బాగుపడినవారూ చెడినవారూ ఒకరినొకరు కొట్టేసుకుని "తేడా లేదు" అని వస్తుంది. రోగి ముందు కూర్చున్న డాక్టరుకు కావలసింది ఆ సగటు కాదు, ఈయన ఏ వంతులో పడతాడో ముందుగా పసిగట్టే ఉపాయం.

అమ్మకూతురు
మార్చి 5, ఉదయం 7:20

మా అమ్మకు రెండు వైపులా పూడిక. అయిదు నెలల్లో మూడుసార్లు అర్ధరాత్రి ఊపిరి అందక ఆసుపత్రికి తీసుకువెళ్లాం. ప్రతిసారీ బీపీ 220 దాటేది, నోటి నుంచి నురగ వచ్చేది. గుండె స్కాన్ చేస్తే గుండె బలం బాగానే ఉందనేవారు. మరి నీరెందుకు చేరుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. మూడోసారి ఒక యువ డాక్టరు పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విని, కిడ్నీ ధమనుల స్కాన్ రాశారు. ఆమెకు జీవితాంతం రుణపడి ఉంటాం.

రెండు స్టెంట్లు వేసి ఏడేళ్లయింది. ఒక్కసారి కూడా అలా జరగలేదు. క్రియాటినిన్ మాత్రం 1.7 నుంచి 2.0కి పెరిగింది. కిడ్నీ లెక్కలో చూస్తే అమ్మ "మెరుగైనవారి" జాబితాలో ఉండదు. కానీ ఏడేళ్లుగా రాత్రిళ్లు పడుకుని నిద్రపోతోంది. అంతకుముందు దిండ్లకు ఆనుకుని కూర్చునేది.

వడపోత
మార్చి 5, ఉదయం 7:55

దీన్ని పికరింగ్ సిండ్రోమ్ అంటారు. 1988లో తొలిసారి వివరంగా రాసిన వైద్యుడి పేరు మీద తర్వాతి కాలంలో ఈ పేరు పెట్టారు. రెండు కిడ్నీలకూ రక్తం తగ్గినప్పుడు ఒంట్లో ఉప్పు, నీరు బయటకు పోయే దారి ఉండదు. దానికి కిడ్నీ విడుదల చేసే రెనిన్ పెంచిన బీపీ తోడవుతుంది. స్టెంట్ వేయాలా వద్దా అన్న వాదన ఎక్కువగా లేని పరిస్థితి ఇదొక్కటే అనవచ్చు. చాలా మార్గదర్శకాలు ఇక్కడ స్టెంట్‌ను సమర్థిస్తాయి.

తరంగం
మార్చి 5, సాయంత్రం 6:10

నేను డాప్లర్ స్కాన్లు (ధమనిలో రక్తం వేగాన్ని చూసే అల్ట్రాసౌండ్) చేసే టెక్నాలజిస్టును. వడపోత గారు ముందుగా పసిగట్టే ఉపాయం అన్నారు కదా, మా గదిలో కనిపించేవి చెబుతాను.

మొదట చూసేది కిడ్నీ పొడవు. పెద్దవారిలో 10 నుంచి 12 సెంటీమీటర్లు మామూలు. 8 కంటే తగ్గి, పై పొర పలచబడితే ఆ కిడ్నీ తిరిగి పుంజుకోవడం కష్టం. రెండోది లోపలి చిన్న ధమనుల్లో రక్తం ఎదుర్కొనే అడ్డు. దాన్ని రెసిస్టివ్ ఇండెక్స్ అంటారు. ఆ అంకె 0.80 దాటినవారిలో ధమని తెరిచినా ఫలితం సరిగా లేదని 2001లో వచ్చిన పరిశోధన బాగా పేరు పొందింది. తర్వాత కొన్ని పరిశోధనలు దానితో ఏకీభవించలేదు. అందుకే ఆ ఒక్క అంకె చూసి ఎవరినీ తిరస్కరించకూడదని మాకు నేర్పారు. మూత్రంలోకి కారే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా చూడాలి. కోరల్ సమాచారాన్నే తర్వాత మళ్లీ విశ్లేషిస్తే, మొదట్లో ఆల్బుమిన్ తక్కువగా ఉన్నవారికి స్టెంట్ మేలు చేసినట్టు కనిపించింది. ఎక్కువ ఉన్నవారికి ఆ మేలు లేదు. వడపోత గుత్తులు అప్పటికే దెబ్బతిన్నాయో లేదో అది చెబుతుంది కాబట్టి నాకు అందులో వింతేమీ తోచలేదు.

ఇక స్టెంట్ తర్వాత. ఎన్నిసార్లు చూసినా నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. చాలామంది మొదటి ఏడాది రెండుసార్లు వస్తారు, తర్వాత కనిపించరు. స్టెంట్ లోపల మళ్లీ కణజాలం పెరిగి ఇరుకయ్యే అవకాశం నూటికి పది నుంచి ఇరవై మందిలో ఉంటుంది. ధమని మొదట్లో ఉన్న కొవ్వు పూడికకు బెలూన్ మాత్రమే వాడే రోజుల్లో ఇది ఇంకా ఎక్కువ. 1999లో రెండిటినీ పోల్చిన పరిశోధనలో ఆరు నెలలకే బెలూన్ జట్టులో 48 శాతం మందికి మళ్లీ ఇరుకైంది, స్టెంట్ జట్టులో 14 శాతం మందికి. మళ్లీ ఇరుకవుతున్నప్పుడు నొప్పి ఉండదు. బీపీ మెల్లగా పెరగడమే సంకేతం, ఒక్కోసారి అదీ ఉండదు. స్టెంట్ వేసిన నెలకు, ఆరు నెలలకు, ఆపై ఏడాదికోసారి డాప్లర్ చేయించడం చాలాచోట్ల పద్ధతి. స్టెంట్ ఉన్న ధమనిలో రక్తం వేగం సహజంగానే కొంత ఎక్కువ ఉంటుంది. కాబట్టి మామూలు ధమనికి వాడే సెకనుకు 180, 200 సెంటీమీటర్ల హద్దును చూసి వెంటనే భయపడకండి, పాత స్కాన్‌తో పోల్చమని అడగండి.

పెద్దబ్బాయి గారూ, నాన్నగారికి చివరి డాప్లర్ ఎప్పుడు చేశారు?

పెద్దబ్బాయి
మార్చి 5, రాత్రి 8:45

ఫైళ్లన్నీ వెతికాను. మూడేళ్ల క్రితం. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఎప్పుడూ చేసినట్టు లేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నాన్న ఇప్పటికీ రోజుకు మూడు సిగరెట్లు తాగుతారు. రెండు నెలల క్రితం టెల్మిసార్టన్ అనే మాత్ర మొదలుపెట్టారు. పది రోజుల తర్వాత క్రియాటినిన్ 2.2 నుంచి 2.4కి వెళ్లిందని వేరే డాక్టరు భయపడి ఆపేశారు. ఇది కిడ్నీ ధమని జబ్బు ఉన్నవాళ్లు ముట్టుకోకూడని మందు అన్నారు. నిజమేనా?

వడపోత
మార్చి 5, రాత్రి 11:20

ఆ మాటలో సగం నిజం ఉంది, అందుకే అది ఇంతకాలం నిలిచింది.

కిడ్నీకి రక్తం తక్కువగా వస్తున్నప్పుడు అది ఒక తెలివైన పని చేస్తుంది. వడపోత గుత్తి నుంచి రక్తం బయటికి వెళ్లే సన్నని నాళాన్ని యాంజియోటెన్సిన్ అనే హార్మోన్‌తో బిగించి, లోపలి ఒత్తిడిని నిలబెట్టుకుంటుంది. టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటి మందులు ఆ బిగింపును వదులు చేస్తాయి. రెండు వైపులా గట్టి పూడిక ఉన్నా, పనిచేసే ఒక్క కిడ్నీకే పూడిక ఉన్నా క్రియాటినిన్ అమాంతం పెరగవచ్చు. పొటాషియం కూడా పెరగవచ్చు. ఇది నిజమైన సగం.

మిగతా సగం: ఈ మందులు గుండెను కాపాడతాయి, ఆల్బుమిన్‌ను తగ్గిస్తాయి. కిడ్నీ ధమని జబ్బున్నవారిలో వీటిని వాడినవారికి మరణాలు తక్కువని ఒకటికి మించిన పరిశీలనలు చూపాయి. ఎక్కువమంది తట్టుకుంటారు కూడా. కోరల్‌లో మందుల జట్టుకు ఇచ్చిన చికిత్సకు ఈ కుటుంబపు మందే పునాది. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు రక్తపరీక్ష చేసి, క్రియాటినిన్ 30 శాతం వరకు పెరిగితే ఓర్చుకోవచ్చన్నది అందరూ పాటించే హద్దు. 2.2 నుంచి 2.4 అంటే 9 శాతం.

అయితే మీ నాన్నగారిది ఆచరణలో ఒంటి కిడ్నీ. స్టెంట్ మూడేళ్లుగా ఎలా ఉందో తెలియదు. ముందు డాప్లర్, తర్వాతే ఆ మాత్ర మాట. మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఏ మాత్రలు ఆపాలో కూడా మీ డాక్టరును ముందే అడిగి రాసి పెట్టుకోండి. నొప్పి మాత్రల విషయంలో మరీ జాగ్రత్త. మోకాళ్ల నొప్పులకని ఎవరికి వారు కొనుక్కునే మాత్రల వల్ల స్టెంట్ బాగానే ఉన్న కిడ్నీలు దెబ్బతినడం నేను చూశాను.

సిగరెట్ గురించి నేను మెత్తగా చెప్పలేను. ఈ జబ్బున్నవారిలో డయాలసిస్ దాకా వెళ్లేవారికన్నా గుండెపోటు, పక్షవాతంతో ముందే పోయేవారు ఎక్కువ. కిడ్నీ ధమనిలో కనిపించింది ఒళ్లంతా ఉన్న జబ్బులో ఒక ముక్క. స్టెంట్ ఆ ముక్కకు వేశారు. మిగతా ఒంటికి స్టాటిన్, బీపీ, పొగ మానడమే.

ముత్యాలదండ
మార్చి 6, ఉదయం 10:00

మొన్న సగంలో ఆపిన మాట పూర్తి చేస్తాను, ఇది చదివేవారిలో నా వయసు ఆడవాళ్లు ఉండవచ్చు. మా జబ్బులో బెలూన్ మాత్రమే చేస్తారు, మామూలుగా స్టెంట్ పెట్టరు. ఈ జబ్బు వచ్చేవారిలో పదింట ఎనిమిది మందికి పైగా స్త్రీలే. బెలూన్ తర్వాత మాత్రలు లేకుండా బీపీ 140/90 లోపు నిలిచేవారు సుమారు 36 శాతమని, పాత పరిశోధనలన్నీ కలిపి 2010లో తేల్చారు. వయసు పెరిగేకొద్దీ, బీపీ ఎన్నేళ్లుగా ఉంటే అంతగా ఆ అవకాశం తగ్గుతుంది. నాకు ఒక మాత్ర మిగిలింది. మెడ, మెదడు ధమనుల్లో కూడా ఇది ఉండవచ్చు కాబట్టి తల నుంచి పొత్తికడుపు వరకు ఒకసారి స్కాన్ చేయించుకోవాలి. నాకు ఆ సంగతి చెప్పింది తొమ్మిదేళ్ల తర్వాత.

రెండోజన్మ
మార్చి 6, సాయంత్రం 4:30

మార్పిడి చేసిన కిడ్నీకి కూడా ఇది వస్తుందని ఎవరూ అనలేదు, అందుకే రాస్తున్నాను. నాకు మార్పిడి అయిన ఏడో నెలలో బీపీ ఉన్నట్టుండి పెరిగింది, క్రియాటినిన్ 1.2 నుంచి 1.9. శరీరం కిడ్నీని తిరస్కరిస్తోందని అందరం భయపడ్డాం. డాప్లర్‌లో కొత్త ధమని అతుకు దగ్గర ఇరుకని తేలింది. స్టెంట్ వేసి ఎనిమిదేళ్లు, క్రియాటినిన్ 1.3 దగ్గరే ఉంది. త్వరగా పట్టుకుంటే మా విషయంలో ఫలితం బాగుంటుందని మా డాక్టరు అన్నారు.

లెక్కలమాస్టారు
మార్చి 6, రాత్రి 9:15

ఎవరిని చేర్చుకున్నారన్న అభ్యంతరాన్ని అంగీకరిస్తున్నాను. పరిశోధనలో లేనివారికి ఆ పరిశోధన ఫలితాన్ని అంటగట్టకూడదన్నది నేనే తరగతిలో చెప్పే పాఠం. కానీ అదే పాఠం రెండో వైపుకూ పనిచేస్తుంది. తీవ్రంగా జబ్బుపడినవారిని బయట ఉంచారు కాబట్టి వారికి మేలు జరుగుతుందని అనుకోవడానికి అది ఆధారం కాదు, తెలియదని మాత్రమే అర్థం. అమ్మకూతురు గారి అమ్మగారి విషయంలో నాకు సందేహం లేదు. అయిదు నెలల్లో మూడుసార్లు జరిగింది ఏడేళ్లలో ఒక్కసారీ జరగకపోతే దానికి లాటరీ అక్కరలేదు. పెద్దబ్బాయి గారి నాన్నగారి విషయంలో స్టెంట్, మందులు రెండూ కలిసి పనిచేశాయని అంటే ఒప్పుకుంటాను. ఏది ఎంత అన్నది విడదీయలేం. ఆయనకు చెప్పేటప్పుడు అలాగే చెప్పండి.

నిలకడ గారి అనుభవాన్ని మాత్రం దయచేసి ఎవరూ "అరుదు" అని దాటిపోకండి. అవసరం లేకుండా స్టెంట్ వేయించుకునేవారి సంఖ్య ఎక్కువైతే అరుదైన చిక్కు కూడా చాలా ఇళ్లకు చేరుతుంది.

నిలకడ
మార్చి 6, రాత్రి 9:50

మాస్టారూ, ధన్యవాదాలు.

స్టెంట్ గురించి ఆలోచిస్తున్నవారు డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. గత ఏడాదిలో నా కిడ్నీ పనితీరు, బీపీ ఎటు వెళుతున్నాయి? ఇది వేయకపోతే వచ్చే ఏడాదిలో ఏమవుతుందని మీరు అనుకుంటున్నారు? నన్నెవరైనా ఇవి అడగమని ఉంటే బాగుండేది.

పెద్దబ్బాయి
ఏప్రిల్ 2, రాత్రి 8:30

ఇన్నాళ్లకు రాస్తున్నాను, పరీక్షలన్నీ పూర్తయ్యే దాకా ఆగాను.

డాప్లర్ చేయించాం. తరంగం గారు చెప్పినట్టు పాత స్కాన్ తీసుకువెళ్లి పోల్చమని అడిగాను. స్టెంట్ లోపల వేగం 150, అప్పుడు 145. మళ్లీ ఇరుకు కాలేదు. ఎడమ కిడ్నీ 11.3 సెంటీమీటర్లు. కుడిది 7.1. మూత్రంలో ఆల్బుమిన్ కొద్దిగా ఉంది, గ్రాముకు 38 మిల్లీగ్రాములు. మా నెఫ్రాలజిస్టు ఇవన్నీ చూసి టెల్మిసార్టన్ సగం మోతాదుతో మళ్లీ మొదలుపెట్టారు. పన్నెండో రోజు క్రియాటినిన్ 2.3, పొటాషియం 4.8. కొనసాగించమన్నారు.

వడపోత గారి లెక్కతో నేను గళ్లకాగితం మీద గీత గీసి నాన్నకు చూపించాను. మాస్టారు చెప్పినట్టే, ఇందులో స్టెంట్ పాలు ఎంతో, మందుల పాలు ఎంతో చెప్పలేమని కూడా అన్నాను. ఆయన చాలాసేపు చూశారు. ఆ మొదటి ఎనిమిది నెలల గీతను పెన్సిలుతో అలాగే కిందికి పొడిగించి, అది కాగితం అంచు తాకిన చోట ఏ సంవత్సరం పడుతుందని అడిగారు. చెప్పాను. మా చెల్లెలి కూతురు పుట్టిన ఏడాది అది.

సిగరెట్లు మూడు నుంచి ఒకటికి వచ్చాయి. పూర్తిగా మానలేదు, అబద్ధం చెప్పను. తర్వాతి డాప్లర్ తేదీని మాత్రం ఆయనే తన డైరీలో రాసుకున్నారు.

తరంగం
ఏప్రిల్ 2, రాత్రి 9:05

11.3 అంటే ఆ ఎడమ కిడ్నీ రెండో దాని పని కూడా మోయడానికి కొంత పెరిగి ఉండవచ్చు. వచ్చే ఏడాది ఈ స్కాన్ కాగితం కూడా తీసుకువెళ్లండి.